ఇల్లు మారలేదు, ఊరే మారింది

చిన్న ఊళ్ళో బ్రతకడం మంచిదా, పెద్ద నగరంలో బ్రతకడం మంచిదా? ఈ ప్రశ్న మన ఇళ్ళలో ఊసుపోక వేసుకునేది కాదు. అబ్బాయికి పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఉద్యోగం వచ్చినప్పుడు వేసుకుంటాం. ఇంటరు పాసైన అమ్మాయిని ఎక్కడ చదివించాలన్నప్పుడు వేసుకుంటాం. నాన్నగారు పోయాక పార్వతీపురంలోనో పలాసలోనో ఒంటరిగా మిగిలిన అమ్మను ఏం చేయాలన్నప్పుడు మరీ గట్టిగా వేసుకుంటాం. చెప్పుకునే జవాబును బట్టి ఒక కుటుంబం పదేళ్ళో ఇరవై ఏళ్ళో నడుస్తుంది.

మామూలుగా మనకు వినిపించే జవాబులు రెండు. పల్లె స్వర్గం, పట్నం నరకం అనేది ఒకటి. ఊళ్ళో ఏముంది మట్టి, సిటీకి పోతేనే బ్రతుకు అనేది రెండోది. మొదటి మాట సాధారణంగా ఊరు వదిలి ముప్ఫై ఏళ్ళయినవారు అంటారు. రెండో మాట ఇంకా ఊరు వదలనివారు అంటారు. ఈ రెండింటినీ తూచి చూడాలంటే ఒకే జీవితంలో రెండు బ్రతుకులూ బ్రతికినవారిని అడగాలి. అలాంటివారు గాజువాకలో కావలసినంతమంది ఉన్నారు. వారిలో పాతకాపులు నగరానికి వలస వచ్చినవారు కారు. వారు ఉన్నచోటనే ఉన్నారు. నగరమే నడుచుకుంటూ వారి గుమ్మం దాకా వచ్చింది.

పొలాల మధ్యకు వచ్చిన నగరం

1933లో ఓడరేవు ప్రారంభమైననాటికి విశాఖపట్నం ఒక చిన్న పట్టణమే. 1951 జనాభా లెక్కల్లో కూడా అక్కడి జనం లక్షకు కొంచెం పైన. ఆ పట్టణానికి గాజువాక దూరపు పల్లె. అయితే 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది వేసింది. 1948లో అక్కడ కట్టిన 'జల ఉష' అనే ఓడను నెహ్రూగారు నీటిలోకి దింపారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960లలో భారీ ప్లేట్ల కర్మాగారం, ఎరువుల కర్మాగారం వచ్చాయి. ఒక్కొక్క కర్మాగారం నగరాన్ని మల్కాపురం, శ్రీహరిపురం, మింది మీదుగా గాజువాక వైపు కొంచెం కొంచెం జరిపింది.

అసలు మలుపు ఉక్కు కర్మాగారంతో వచ్చింది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ రాష్ట్రమంతా కదిలింది. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దీనికోసం 60కి పైగా గ్రామాల నుండి 20 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. తరతరాలుగా ఒకే చెరువు నీళ్ళు త్రాగినవారు మూటాముల్లె సర్దుకుని వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఇల్లూ భూమీ పోయినవారికి 'ఆర్ కార్డు' ఇచ్చారు. కొందరికి ఆ కార్డు ఉద్యోగం తెచ్చిపెట్టింది. కొందరు ఆ కార్డును ట్రంకుపెట్టెలో దాచుకుని ఎదురుచూస్తూనే ముసలివారయ్యారు.

చివరకు 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2011 లెక్కలకు ఆ సంస్థ పరిధిలో జనం 17 లక్షల 28 వేలు. గమనించండి. పాత గాజువాకలో 1950లలో పుట్టిన ఒక మనిషి ఇల్లు మారకుండానే ముందు పల్లెవాసి, తరువాత పట్టణవాసి, ఆ తరువాత మహానగరవాసి అయ్యాడు. అతని గుమ్మం అక్కడే ఉంది. గుమ్మం ఎదురుగా ఉన్నవన్నీ మారిపోయాయి.

ఊరు ఏమి ఇచ్చేది?

ఇక్కడి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి పాత రోజుల గురించి అడిగితే, వారు ముందుగా చెప్పేది గాలీ నీరూ గురించి కాదు. 'అప్పుడు అందరూ అందరికీ తెలుసును' అంటారు. ఆ ఒక్క మాటలో చాలా ఉంది.

వీధిలో నడిచే పిల్లవాడిని ఆపి 'నువ్వెవరి అబ్బాయివిరా?' అని అడిగే హక్కు ప్రతి పెద్దమనిషికీ ఉండేది. బడి ఎగ్గొట్టి చెరువుగట్టు మీద కూర్చున్న పిల్లవాడి కబురు వాడికంటే ముందు ఇంటికి చేరేది. కోమటి కొట్లో కాగితం, జామీను లేకుండా ఖాతా నడిచేది. తండ్రి మాటే జామీను. ఒక ఇంట్లో పొయ్యి వెలగకపోతే ప్రక్క ఇంటి పిన్నికి తెలిసేది. చావు జరిగితే పాడె మోయడానికి మనుషులను పిలవనక్కరలేదు. ఎక్కడ పాతిపెట్టాలో అడగనక్కరలేదు. తాతను పెట్టిన చోటుకు ప్రక్కనే.

ఇదంతా ఉచితంగా వచ్చేది. ఆ ఊళ్ళో పుడితే చాలు, ఆ ఊరి మనిషివి. నీ మంచితనంతోనో ప్రయత్నంతోనో సంపాదించుకోవలసిన పని లేదు. చిన్న ఊరు ఇచ్చే పెద్ద బహుమానం ఇదే. అనకాపల్లి, చోడవరం, యలమంచిలి, బొబ్బిలి వంటి చిన్న పట్టణాల్లో ఇప్పటికీ దీని వాసన ఉంది. మందుల షాపువాడికి మన బి.పి. మాత్ర పేరు తెలుసు. రిక్షా బండి మీద కూరలమ్మే ఆమెకు మన ఇంట్లో ఎందరున్నారో తెలుసు.

ఊరు ఏమి పట్టుకుని కూర్చునేది?

అయితే ప్రియ పాఠకులారా, ఇక్కడ ఆగిపోతే సగమే చెప్పినవారమవుతాం. అందరికీ తెలిసిన ఊళ్ళో అందరికీ ఒకే చోటు ఉండేది కాదు. 'నువ్వెవరి అబ్బాయివిరా?' అనే ప్రశ్నకు కొందరి విషయంలో 'నీదే కులం?' అని అర్థం. ఆ జవాబును బట్టి ఏ గ్లాసులో టీ పోయాలి, ఏ అరుగు మీద కూర్చోనివ్వాలి, ఏ బావిలో చేద వేయనివ్వాలి అనేది తేలిపోయేది. ఊరి గురించి తీయగా చెప్పుకునే కథల్లో ఊరికి దూరంగా ఉన్న పేట చాలాసార్లు కనిపించదు. మన సంఘాల్లో ఎన్నో కుటుంబాలు ఆ పేటల నుండి వచ్చినవే. వారిలో ఒక పెద్దాయన ఒకసారి చాలా మామూలుగా అన్న మాట ఇది: 'మా ఊరు చాలా మంచిది బాబూ. కాని మొదటిసారి నన్ను గారూ అని పిలిచినది ఫ్యాక్టరీ గేటు దగ్గర.'

కులం ఒక్కటే కాదు. భర్త పోయిన స్త్రీ ఏ రంగు చీర కట్టుకుందో ఊరంతా చూసేది. పరీక్ష తప్పిన పిల్లవాడికి ఏడాదిపాటు అదే పేరు. పెళ్ళి సంబంధం చెడిపోయిన అమ్మాయి గురించి ఆమె ముసలిదయ్యేదాకా చెప్పుకునేవారు. ఊరు మనిషిని మరచిపోదు. మనిషి మారినా అతని గురించి ఊరు అనుకున్నది మారడం కష్టం. కాపు కాసే కన్ను, కనిపెట్టి ఉండే కన్ను ఒక్కటే. అది ఒకప్పుడు రక్షిస్తుంది, ఒకప్పుడు ఊపిరాడనివ్వదు.

1965లో అమెరికాకు చెందిన హార్వీ కాక్స్ అనే బాప్టిస్టు వేదాంత పండితుడు నగరాన్ని గురించి ఒక పుస్తకం వ్రాసి పెద్ద చర్చ లేపాడు. నగరంలో ఎవరికీ ఎవరూ తెలియకపోవడం శాపమే కానక్కరలేదు, కొందరికి అది విడుదల కూడా అవుతుందనేది అతని వాదన. వేదాంత కళాశాలలో దీన్ని చదివే విద్యార్థికి అది ఒక వాదనలాగే ఉండవచ్చు. కాని గాజువాక కాలనీల్లో తిరిగి చూస్తే అది కొందరి జీవితం. బస్సులో ప్రక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోవడానికి ఇక్కడ ఎవరూ ఎవరి అనుమతీ అడగరు.

నగరం ఏమి ఇస్తుంది?

పని ఇస్తుంది. ఇది మొదటిది, పెద్దది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి తరతరాలుగా జనం పని వెదుక్కుంటూ బయలుదేరుతున్నారు. మత్స్యకారులు గుజరాత్ తీరం దాకా వెళ్తున్నారు. మేస్త్రీలు, కూలీలు హైదరాబాద్, చెన్నైలలో మేడలు కడుతున్నారు. వారందరిలో గాజువాక ఆటోనగర్‌లోనో దువ్వాడ ఎగుమతుల మండలిలోనో పని దొరికినవారు అదృష్టవంతులమనుకుంటారు. పండుగకు సొంత ఊరు చేరాలంటే వారికి రెండు రాత్రుల రైలు ప్రయాణం అక్కరలేదు.

నగరం వైద్యం ఇస్తుంది. చిన్న పట్టణంలో గుండెనొప్పి వస్తే ముందు బండి వెదకాలి, తరువాత 'వైజాగ్ తీసుకుపొండి' అనే మాట వినాలి. 1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి వరండాల్లో ఏ రోజు చూసినా ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటి యాసలూ వినిపిస్తాయి. నగరం చదువు ఇస్తుంది. ఆడపిల్లకు తన జీతం తన చేతిలో పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా రెండో అవకాశం ఇస్తుంది. ఒక కొట్టు మూతపడితే మరో వీధిలో కొట్టు పెట్టుకోవచ్చు. ఒక చోట చెడిన పేరు మరో చోట వెంటాడదు.

నగరం ఏమి తీసుకుంటుంది?

ముందు సమయం తీసుకుంటుంది. ఉక్కు కర్మాగారం కుటుంబాలకు ఇది చెప్పనక్కరలేదు. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అంటూ ఇల్లు మూడు ముక్కలవుతుంది. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి వచ్చిన తండ్రి పగలు పడుకుంటాడు. పిల్లలు గుసగుసలతో ఆడుకోవాలి. తండ్రి లేచేసరికి పిల్లలు ట్యూషన్‌లో ఉంటారు. ఒకే ఇంట్లో ఉండి వారంలో ఒక్కపూట కూడా కలిసి అన్నం తినని కుటుంబాలున్నాయి.

తరువాత డబ్బు తీసుకుంటుంది. ఊళ్ళో ఇచ్చే జీతానికి రెట్టింపు వస్తుందని బయలుదేరినవారు అద్దె, అడ్వాన్సు, బడి ఫీజు, ఆటో ఖర్చు, త్రాగే నీళ్ళ డబ్బా, ఊళ్ళో తల్లిదండ్రులకు పంపేది తీసివేసి చూసుకుంటే, మిగిలేది ఊళ్ళో మిగిలినంతే అని ఆలస్యంగా తెలుసుకుంటారు. పని కూడా ఎప్పటికీ ఉంటుందని చెప్పలేము. 1977లో మొదలైన ఇక్కడి జింక్ కర్మాగారం 2012లో మూతపడింది. ఉక్కు కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం లేచింది. 2025 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల సాయాన్ని ఆమోదించింది. ఈ నాలుగేళ్ళూ కార్మికులొక్కరే కలత చెందలేదు. వారికి ఇళ్ళు అద్దెకిచ్చినవారు, కిరాణా కొట్లవారు, టిఫిన్ బండివారు అందరూ కలత చెందారు.

ప్రమాదమూ ఉంది. 1997 సెప్టెంబరు 14 ఆదివారం తెల్లవారుజామున చమురు శుద్ధి కర్మాగారంలో గ్యాసు అంటుకుని పదుల సంఖ్యలో మనుషులు చనిపోయినప్పుడు, మల్కాపురం వైపు జనం కట్టుబట్టలతో ఇళ్ళు వదిలి పరుగెత్తారు. పని ఇచ్చే గొట్టం ప్రక్కనే కాపురం ఉండడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

చివరిగా నగరం తీసుకునేది కంటికి కనిపించదు. జార్జ్ సిమెల్ అనే జర్మన్ ఆలోచనాపరుడు 1903లోనే నగరజీవితం మీద ఒక వ్యాసం వ్రాశాడు. రోజూ వేలాది ముఖాలు చూసే మనిషి ప్రతి ముఖానికీ మనసు ఇవ్వలేడు, ఇస్తే తట్టుకోలేడు, గనుక తనను కాపాడుకోవడానికి మనసు తలుపు కొంచెం మూసుకుంటాడు అన్నది అతను చెప్పిన దాని సారం. అది గర్వం కాదు, అలసట. అయితే మూసిన తలుపు మూసినట్లే ఉండిపోతే, ఎదురింట్లో ఎవరు ఉంటున్నారో తెలియకుండానే అయిదేళ్ళు గడిచిపోతాయి.

మూడో అంతస్తులో అమ్మ

ఈ లెక్కంతా ఎక్కడ తేలుతుందంటే, వృద్ధుల దగ్గర తేలుతుంది. ఇలాంటి ఇల్లు మీకూ తెలిసే ఉంటుంది. నాన్నగారు పోయాక కొడుకు ఎంతో ప్రేమతో తల్లిని ఊరినుండి గాజువాక తీసుకువస్తాడు. ఊళ్ళో ఇల్లు తాళం పడుతుంది, లేదా అమ్ముడైపోతుంది. అపార్టుమెంటులో మూడో అంతస్తు. కొడుకు, కోడలు ఎనిమిదింటికి బయలుదేరుతారు. మనవలు సాయంత్రం ఆరుకు వస్తారు. ఆ పది గంటలు ఆమెకు టీవీ, బాల్కనీ. మోకాళ్ళ నొప్పివల్ల మెట్లు దిగలేదు. దిగినా ఎవరితో మాట్లాడాలి? ఊళ్ళో ఆమె 'ఫలానా వారి కోడలు', 'పెద్దప్ప', పురుడు పోయడానికి పిలిచే చేయి. ఇక్కడ ఆమె '302లో ముసలావిడ'.

కొడుకు ప్రేమలో లోపం లేదు. మందులు, పండ్లు, ఫ్యాను అన్నీ ఉన్నాయి. కాని ఆమెను నిలబెట్టినది ఇల్లు ఒక్కటే కాదు, ఇంటి చుట్టూ ఉన్న పిలుపులు. వాటిని లారీలో ఎక్కించి తీసుకురాలేము. మనం చిన్న ఊరా పెద్ద నగరమా అని వాదించుకునేటప్పుడు జీతం, బడి, ఆసుపత్రి లెక్కలోకి వస్తాయి. ఈ పిలుపులు లెక్కలోకి రావు. అందుకే చాలా కుటుంబాల లెక్క తప్పుతోంది.

రెండు వింత సంవత్సరాలు

అయితే ఈ పిలుపులు చిన్న ఊరి మట్టిలోనే మొలుస్తాయా? నగరపు సిమెంటులో మొలవవా? దీనికి జవాబు చెప్పే రెండు సంవత్సరాలను మనందరం కళ్ళారా చూశాం.

ఒకటి 2014. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, రేకులు ఎగిరిపడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు తిరగక నీళ్ళు లేవు. ఫోన్లు మోగలేదు. పాలపాకెట్టు దొరకడం గగనమైంది. అప్పుడు ఏమి జరిగింది? అన్నాళ్ళూ పలకరించుకోని వారు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకరి గ్యాసు పొయ్యి మీద మరొకరి పాలు కాగాయి. చేతిపంపు దగ్గర వరుసలో పేర్లు తెలిశాయి. ఎవరి ఇంట్లో చంటిబిడ్డ ఉన్నాడో, ఎవరికి ఇన్సులిన్ కావాలో మొదటిసారి తెలిసింది. ఆ వారం మహానగరం పల్లెటూరు అయ్యింది.

రెండోది 2020. మార్చి నెలాఖరున దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు నగరాల్లో పని పోయిన వలస కూలీలు జాతీయ రహదారుల వెంబడి కాలినడకన సొంత ఊళ్ళకు బయలుదేరారు. కష్టం వస్తే ఊరు ఆదుకుంటుందని వారి నమ్మకం. కాని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో గ్రామాల పొలిమేరల్లో ముళ్ళకంపలు, మొద్దులు అడ్డం పడి ఉన్నాయి. బయటివారు రావద్దన్నారు. రోగభయం అలాంటిది, వారిని తప్పుపట్టడం తేలిక. అయినా ఒక నిజం బయటపడింది. ఆ నెలల్లో పల్లెటూరు తలుపు మూసుకున్న నగరం అయ్యింది.

ఈ రెండు సంవత్సరాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. పొరుగుతనం ఒక చోటు పేరు కాదు. అది మనుషులు చేసే పని. ఊళ్ళో దాన్ని పూర్వీకులు చేసిపెట్టారు గనుక మనకు పుట్టుకతో వచ్చింది. దాంతోపాటు వారి కట్టుబాట్లూ వచ్చాయి. నగరంలో దాన్ని మనమే చేసుకోవాలి. శ్రమ ఎక్కువ. కాని ఇక్కడ మనం చేసే పొరుగుతనంలో పేటను ఊరి బయట పెట్టనక్కరలేదు. ఇది నగరం ఇచ్చే సదవకాశం. ఊరు వదిలేసి, నగరంలో ఈ పని చేయనివారికి మాత్రం ఊరూ దక్కదు, నగరమూ దక్కదు.

పరదేశంలో తోట వేయండి

బబులోనుకు చెరపట్టబడిన తన జనులకు యిర్మీయా ప్రవక్త వ్రాసిన ఉత్తరం గురించి మన పాఠకులకు చెప్పనక్కరలేదు. రేపో మాపో తిరిగి వెళ్తామని మూట కట్టుకుని కూర్చోవద్దనీ, ఇళ్ళు కట్టుకుని, తోటలు వేసుకుని, పిల్లలకు పెళ్ళిళ్ళు చేసి, ఆ పట్టణపు క్షేమమే మీ క్షేమమనుకుని దానికోసం ప్రార్థించమనీ ఆయన సలహా. ఆ పట్టణం వారు కోరుకున్నది కాదు. శత్రువుల పట్టణం. అయినా అక్కడ అతిథుల్లా ఉండవద్దన్నాడు.

గాజువాకలో ఇరవై ఏళ్ళుగా ఉంటూ కూడా 'మాది ఇక్కడ కాదండీ' అని చెప్పేవారు ఎందరో. వీధి దీపం వెలగకపోతే వారికి పట్టదు. కాలువ పూడుకుపోతే పట్టదు. మనసు ఊళ్ళో, శరీరం ఇక్కడ. అటు చూస్తే ఊళ్ళోనూ ఏడాదికి రెండు రోజులే. అలాంటి ఇంటి పిల్లలకు ఏది తమ ఊరో తెలియదు.

బయలుదేరే ముందు, చేరిన తరువాత

వెళ్ళడమా ఉండడమా అనేది ఎవరి కుటుంబానికి వారే తేల్చుకోవాలి. తేల్చుకునేటప్పుడు ఉపయోగపడే కొన్ని మాటలు ఇవి.

మొదటిది, జీతాన్ని కాదు, మిగిలేదాన్ని లెక్క వేయండి. అద్దె, ప్రయాణం, ఫీజులు, ఊరికి పంపేది అన్నీ తీసివేసి కాగితం మీద వ్రాసుకోండి. రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో మెలకువగా ఉంటారో అది కూడా అదే కాగితం మీద వ్రాసుకోండి.

రెండవది, మధ్యదారి ఉందేమో చూడండి. అచ్యుతాపురం బట్టల కర్మాగారాల బస్సులు చుట్టుప్రక్కల ఊళ్ళకు వెళ్ళి వేలాదిమంది స్త్రీలను పనికి తీసుకువచ్చి మళ్ళీ ఇంటికి చేరుస్తున్నాయి. వారు ఊరు వదలకుండానే నగరపు జీతం అందుకుంటున్నారు. అలాగే బెల్లం మార్కెట్టుకు పేరుపొందిన అనకాపల్లిలో కాపురముండి రైలులోనో బస్సులోనో దువ్వాడ, గాజువాక వచ్చి పనిచేసుకునే కుటుంబాలున్నాయి. గాజువాక నుండి అనకాపల్లి ముప్ఫై కిలోమీటర్ల లోపే. ప్రయాణపు అలసట ఉంటుంది, కాని తాతమ్మల చేతుల్లో పిల్లలు పెరుగుతారు.

మూడవది, పెద్దవారిని ఒక్కసారిగా పెకలించవద్దు. ముందు రెండు నెలలు తీసుకువచ్చి ఉంచండి, మళ్ళీ పంపండి. ఊళ్ళో ఇల్లు అమ్మే తొందర పెట్టుకోవద్దు. ఇక్కడికి తెస్తే వీలైనంతవరకు క్రింది అంతస్తు చూడండి, అద్దె కొంచెం ఎక్కువైనా సరే. ఆమె యాసలో మాట్లాడే మరో ఇద్దరు ముసలమ్మలు ఎక్కడున్నారో వెదకడం కొడుకు కోడళ్ళ బాధ్యతే. ఆమె చేతికి ఒక పని, ఆమె పేరుకు ఒక పిలుపు కావాలి. మన సంఘాల స్త్రీల సమాజాలు ఆదివారం మందిరానికి రాగలిగినవారినే కాక మెట్లు దిగలేనివారిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. వారానికి ఒక మధ్యాహ్నం నలుగురు ఆ మూడో అంతస్తుకు ఎక్కితే చాలు.

నాల్గవది, చావుబ్రతుకుల సంగతి ముందే మాట్లాడుకోండి. రాత్రి రెండింటికి ఆసుపత్రికి వెళ్ళాలంటే ఎవరిని లేపుతారు? రేపు ఇంట్లో పెద్దవారు పోతే ఎక్కడ పాతిపెడతారు, ఇక్కడా, ఊళ్ళోనా? నగరంలో సమాధి స్థలం దొరకడం ఎంత కష్టమో ఆ పరిస్థితి వచ్చినవారికే తెలుసు. దుఃఖంలో తిరిగి వెదుక్కునేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

ఐదవది, ఊళ్ళోనే ఉండిపోయినవారికి ఒక మాట. మీరు వెనుకబడినవారు కారు. ఒక ఊరి పిలుపులను నిలబెట్టినవారు మీరు. అయితే మీ ఊరి పొరుగుతనంలో ఇప్పటికీ ఎవరు చేరలేదో చూసుకోండి. ఏ పేట పిల్లవాడు మీ అరుగు ఎక్కడానికి సందేహిస్తున్నాడో చూడండి. నగరానికి వెళ్ళిపోయినవారిలో కొందరు జీతం కోసం వెళ్ళలేదు, ఆ అరుగు దగ్గర నిలబడలేక వెళ్ళారు.

చివరిగా నగరంలో ఉన్న మనకు. మీ మెట్ల మీద ఎన్ని తలుపులున్నాయి? ఎనిమిదా, పన్నెండా? ఆ ఇళ్ళలోని మనుషుల పేర్లు ఒక కాగితం మీద వ్రాయడానికి ఈ రాత్రి ప్రయత్నించండి. ఎక్కడ కలం ఆగుతుందో ఆ ఇంటికి వచ్చే ఆదివారం సాయంత్రం వెళ్ళండి. పెద్ద మాటలేమీ అక్కరలేదు. 'ప్రక్కనే ఉంటున్నామండీ, ఇన్నాళ్ళూ పలకరించుకోలేదు, మీదే ఊరండీ?' అంటే చాలు. ఆ జవాబులో పలాసో, పాలకొండో, అగ్గిపాలెమో, ఉక్కు కర్మాగారం క్రింద పోయిన ఒక ఊరి పేరో వినిపిస్తుంది. అక్కడినుండి మాటలు వాటంతటవే వస్తాయి.